గణితం, ప్రోగ్రామింగ్: తెగని వాదంలో తేలిన అంశాలు

సమస్య స్వరూపం

కంప్యూటర్ రంగంలో స్థిరపడదలచినవారు ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. తీసుకోక తప్పదన్న అభిప్రాయం ఆంధ్రప్రదేశ్‌లో చిరకాలంగా పాతుకుపోయి ఉంది. ప్రవేశ వ్యవస్థ కూడా దానికి తగినట్టే ఏర్పడింది. ఇంజనీరింగ్ కోర్సుల కోసం జరిపే ఏపీ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలుంటే అందులో 80 గణితానివి. తక్కినవాటిలో భౌతికశాస్త్రానికి, రసాయనశాస్త్రానికి చెరో 40 దక్కుతాయి. అమలాపురం పరిసరాల్లోని ఓడలరేవు, బట్లపాలెం, చెయ్యేరు ఇంజనీరింగ్ కళాశాలల్లోనైనా, కాకినాడ జేఎన్‌టీయూలోనైనా కంప్యూటర్ సైన్స్ సీటు ఆశించే విద్యార్థికి ప్రవేశపరీక్ష మార్కుల్లో సగం బరువు ఆ 80 ప్రశ్నలదే. మరోవైపు, రాజోలులోనో కొత్తపేటలోనో సి.ఇ.సి. చదివి బి.కాం. కంప్యూటర్ అప్లికేషన్స్‌లో చేరిన విద్యార్థి ఇంటర్ గణితం జోలికి పోకుండానే ప్రోగ్రామింగ్ నేర్చుకుంటాడు. ఉద్యోగంలో చేరాక ఈ ఇద్దరూ ఒకే బృందంలో పనిచేసే సందర్భాలూ ఉన్నాయి.

ఈ వైరుధ్యమే వాదానికి మూలం. గణితం లేనిదే కంప్యూటర్ విద్య లేదని ఒక పక్షం, లెక్కల మార్కులకూ ప్రోగ్రాం రాసే నేర్పుకూ పొత్తు లేదని మరొక పక్షం దశాబ్దాలుగా వాదిస్తూనే ఉన్నాయి. ఇరుపక్షాలూ ‘గణితం’ అనే మాటను, ‘ప్రోగ్రామింగ్’ అనే మాటను వేర్వేరు అర్థాల్లో వాడుతుండటం వల్ల వాదం మరింత చిక్కుపడింది. అందువల్ల ఈ వివాదం పుట్టుపూర్వోత్తరాలను, అందులోని ప్రధాన వాదాలను, ఇప్పటికీ తేలని ప్రశ్నలను వరుసగా పరిశీలించి, కోనసీమ వంటి ప్రాంతంలోని విద్యార్థికీ అధ్యాపకుడికీ వీటినుంచి ఏమి గ్రహించదగినదో నిర్ణయించుకోవడం అవసరం.

చారిత్రక నేపథ్యం

కంప్యూటర్ శాస్త్రం గణితం కడుపున పుట్టిందన్నది నిర్వివాదాంశం. ఏ ప్రశ్నలను యాంత్రికమైన నియమాలతో పరిష్కరించవచ్చు, వేటిని పరిష్కరించలేము అన్న తర్కశాస్త్ర సమస్యకు సమాధానంగా 1936లో అలాన్ ట్యూరింగ్ ఒక ఊహాయంత్రాన్ని ప్రతిపాదించాడు. అప్పటికి పనిచేసే ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఒక్కటి కూడా లేదు. అయితే యంత్రాలు వచ్చి వాడకం పెరిగేసరికి దారి రెండుగా చీలింది. 1957లో వెలువడిన ఫోర్‌ట్రాన్ భాష శాస్త్రవేత్తల సూత్రాలను యంత్రానికి అందించడానికి రూపొందగా, 1959లో రూపకల్పన మొదలైన కోబాల్ భాష జీతాల పట్టీలు, సరుకుల ఖాతాలు, బ్యాంకు లెక్కల కోసం తయారైంది. కోబాల్ రూపకల్పనపై గాఢమైన ప్రభావం చూపిన గ్రేస్ హాపర్ స్వయంగా 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డాక్టరేట్ పొందిన విదుషి. అయినా వ్యాపార రంగంలో ఉన్నవారు గణిత సంకేతాలతో నిమిత్తం లేకుండా మామూలు మాటల్లోనే యంత్రానికి పని చెప్పగలగాలన్నది ఆమె పట్టుదల.

పాఠ్యప్రణాళికల్లోనూ ఈ ఊగిసలాట కనిపిస్తుంది. కంప్యూటర్ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘమైన ఏసీఎం 1968లో ప్రకటించిన ప్రణాళిక గణితానికి పెద్దపీట వేసింది. పదేళ్ల తర్వాత వచ్చిన 1978 ప్రణాళికలో గణితం కోర్సులకూ కంప్యూటర్ కోర్సులకూ నడుమ ఉండవలసిన ముడి సడలిపోయిందని ఆంథొనీ రాల్‌స్టన్, మేరీ షా 1980లో ఘాటైన విమర్శ రాశారు. ఆ తర్వాతి ప్రణాళికల్లో వివిక్త గణితానికి, అంటే విడివిడిగా లెక్కించదగిన వస్తువులను, వాటి అమరికలను, సంబంధాలను చర్చించే గణిత శాఖకు, స్థిరమైన స్థానం లభించింది.

భారతదేశంలో కంప్యూటర్ విద్య ఉన్నత గణిత, సాంకేతిక సంస్థలలోనే మొదలైంది. కాన్పూర్ ఐఐటీకి 1963లో ఐబీఎం 1620 యంత్రం వచ్చింది. తెలుగునాట మాత్రం సాఫ్ట్‌వేర్ సామాన్య కుటుంబాలకు చేరువైంది 1990ల చివరలో. 2000 సంవత్సరపు తేదీల సమస్యను సరిదిద్దడానికి కోబాల్ తెలిసినవారు పెద్ద సంఖ్యలో కావలసివచ్చినప్పుడు, హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాలు ఏ డిగ్రీ చదివినవారినైనా నెలల వ్యవధిలో ప్రోగ్రామర్లుగా తయారుచేశాయి. గణితం లేకుండానే ఈ రంగంలో రాణించవచ్చన్న నమ్మకానికి అక్కడ బలం చేకూరింది. 2007-08 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకంతో ఇంజనీరింగ్ విద్య పల్లెలకు విస్తరించి, ఎం.పి.సి. దారి మళ్లీ రాచబాట అయింది.

2021లో ఈ వివాదం దేశమంతటా మరోసారి రగిలింది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2021-22 మార్గదర్శకాల్లో ఇంజనీరింగ్ ప్రవేశార్హతకు పనికివచ్చే పాఠ్యాంశాల జాబితాను విస్తరించి, గణితం లేనివారి లోటును బ్రిడ్జి కోర్సులతో పూరించవచ్చని సూచించగా, విద్యావేత్తలనుంచి తీవ్ర అభ్యంతరాలు వచ్చాయి. గణితం ప్రాధాన్యాన్ని తగ్గించే ఉద్దేశం లేదని మండలి వివరణ ఇవ్వవలసివచ్చింది.

మొదటి వాదం: ప్రోగ్రాం ఒక గణిత వస్తువు

ఈ వాదానికి ప్రధాన ప్రతినిధి కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. ప్రోగ్రాం సరిగా ఉందని కొన్ని ఉదాహరణలతో నడిపి చూసి నమ్మడం శాస్త్రం కాదని, సిద్ధాంతాన్ని నిరూపించినట్టే ప్రోగ్రాంను కూడా నిరూపించాలని ఆయన వాదించాడు. 1988లో రాసిన ఒక వ్యాసంలో, తొలి ప్రోగ్రామింగ్ కోర్సులో విద్యార్థులకు యంత్రమే అందుబాటులో ఉంచరాదని, తర్కంతోనే ప్రోగ్రాం రాసి నిరూపించడం నేర్పాలని కూడా ప్రతిపాదించాడు. 1967లో రాబర్ట్ ఫ్లాయిడ్, 1969లో టోనీ హోర్ ఇందుకు కావలసిన తర్క పద్ధతులను అందించారు.

ఈ పద్ధతి ఎలాంటిదో ఒక చిన్న ఉదాహరణతో తెలుస్తుంది. ఒకటి నుంచి వంద వరకు సంఖ్యలను కూడే లూప్‌లో, అంటే ఒకే పనిని మళ్లీమళ్లీ చేయించే ప్రోగ్రాం భాగంలో, ప్రతి చుట్టు ముగిసేసరికీ ఒక వాక్యం సత్యంగా నిలవాలి: ‘ఇప్పటికి ఎన్ని చుట్లు పూర్తయ్యాయో, మొదటి అన్ని సంఖ్యల మొత్తం, ఫలితాన్ని దాచే పెట్టెలో ఉంది.’ మొదటి చుట్టుకు ముందు ఇది నిజం, ఎందుకంటే పెట్టెలో సున్న ఉంది; ఒక చుట్టు చివర నిజమైతే తర్వాతి చుట్టు చివర కూడా నిజమవుతుంది; కాబట్టి వందో చుట్టు చివర కూడా నిజమే. ఇది ఇంటర్మీడియట్ 1ఎ పుస్తకంలో ఉండిన గణితానుగమనం తప్ప వేరు కాదు. ఆ అధ్యాయానికీ, బీటెక్ మొదటి సంవత్సరంలో రాసే లూప్‌కూ ఉన్న ఈ బంధుత్వాన్ని విద్యార్థికి చూపించే తరగతి గదులు అరుదు.

కృత్రిమ మేధ విస్తరించాక ఈ వాదానికి కొత్త బలం వచ్చింది. యంత్రాభ్యాసం, అంటే దత్తాంశాలనుంచి యంత్రమే నియమాలను రాబట్టుకునే విధానం, మాత్రికలు, సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం, కలనగణితం అనే నాలుగు స్తంభాలపై నిలిచి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో ప్రకటించిన ఫలితం, ఒక అంచనాలోని దోషం ఎంత కనిష్ఠం వరకు తగ్గగలదో చెప్పే క్రామర్-రావు అవధి, నేటికీ దత్తాంశ విశ్లేషణలో మూలసూత్రాలలో ఒకటి.

రెండో వాదం: ప్రోగ్రామింగ్ ఒక నిర్మాణ విద్య

గణితజ్ఞుల నిరూపణలు నమ్మదగినవి కావడానికి కారణం వాటిని సాటి గణితజ్ఞులు చదివి, చర్చించి, సరిదిద్దడమేనని, వేల పంక్తుల ప్రోగ్రాం నిరూపణను ఎవరూ అలా చదవరని, కాబట్టి ఆ పోలికే చెల్లదని 1979లో డి మిలో, లిప్టన్, పెర్లిస్ వాదించారు. 1985లో పీటర్ నౌర్ ప్రోగ్రామింగ్‌ను మరో కోణంలో చూశాడు: ప్రోగ్రాం రాసేవాడు నిజంగా తయారుచేసేది సంకేతాల పాఠాన్ని కాదని, తాను పరిష్కరిస్తున్న లోకవ్యవహారం గురించి తన మనసులో ఏర్పరచుకున్న అవగాహనను అని ఆయన ప్రతిపాదన. ఈ దృష్టిలో అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకు సాఫ్ట్‌వేర్ రాసేవాడికి ముందుగా కావలసింది కాయల లెక్క, కమీషను, అరువు, రవాణా ఎలా నడుస్తాయో తెలుసుకోవడం. అందులో వాడే గణితం కూడికలు, తీసివేతలు, శాతాలను దాటదు.

నిరూపణ ఒక్కటే చాలదని చూపే ప్రసిద్ధ సంఘటన కూడా ఉంది. వరుసలో ఉన్న జాబితాను ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే బైనరీ సెర్చ్ పద్ధతి గణితపరంగా నిర్దుష్టమైనదే. కాని జావా భాషా గ్రంథాలయంలో ఉన్న దాని రూపంలో దోషం ఉందని 2006లో జాషువా బ్లాక్ వెల్లడించాడు. మధ్యస్థానం కనుక్కోవడానికి రెండు హద్దులను కూడినప్పుడు, ఆ మొత్తం యంత్రం పట్టగల గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647ను మించితే ఫలితం రుణసంఖ్యగా మారిపోతుంది. కాగితంమీద సంఖ్యలకు అంతం లేదు, యంత్రంలో ఉంది. ఈ తేడాను పట్టుకునేది యంత్రపరిచయమూ అనుభవమూ అని నిర్మాణవాదులు అంటారు.

ఇటీవలి మనోవిజ్ఞాన పరిశోధనలు కూడా ఈ పక్షానికి కొంత ఆధారమిచ్చాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన షాంటెల్ ప్రాట్ బృందం 2020లో ప్రకటించిన అధ్యయనంలో, పైథాన్ నేర్చుకునే వేగంలో వ్యక్తికీ వ్యక్తికీ ఉన్న తేడాలను భాషాభ్యాస సామర్థ్యం 17 శాతం మేరకు వివరించగా, సంఖ్యా సామర్థ్యం 2 శాతం మాత్రమే వివరించింది. అయితే అధ్యయనంలో పాల్గొన్నది మూడు డజన్ల మందేనని, వారు నేర్చుకున్నది ప్రాథమిక స్థాయి ప్రోగ్రామింగేనని, సాధారణ తార్కిక శక్తి, జ్ఞాపకశక్తి కూడా అందులో బలంగా పనిచేశాయని మరచిపోరాదు. అదే ఏడాది అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు మెదడు చిత్రాలను పరిశీలించి, ప్రోగ్రాంను చదివి అర్థంచేసుకోవడంలో ప్రధానంగా పనిచేసేవి భాషాకేంద్రాలు కావని, కఠినమైన ఆలోచనలన్నింటికీ ఉపయోగపడే సాధారణ వ్యవస్థ అని తేల్చారు. అంటే ప్రోగ్రామింగ్‌ను భాష అన్నా గణితం అన్నా పూర్తిగా అతకదు.

మూడో వాదం: ఏ గణితం?

మొదటి రెండు పక్షాలూ గణితాన్ని ఒకే ముద్దగా చూశాయని, అసలు ప్రశ్న ఏ గణితం అన్నదేనని మూడో పక్షం అంటుంది. డొనాల్డ్ క్నూత్ 1985లో గణితజ్ఞుల ఆలోచనను, అల్గారిదంల (సమస్యను అంచెలంచెలుగా పరిష్కరించే పద్ధతుల) రూపకర్తల ఆలోచనను పోల్చి చూసి, రెంటికీ ఉమ్మడి అంశాలు చాలా ఉన్నా రెండు విషయాలు మాత్రం అల్గారిదం ఆలోచనకే ప్రత్యేకమన్నాడు: ఒక పనికి ఎంత శ్రమ పడుతుందన్న లెక్క, పని నడుస్తుండగా క్షణక్షణానికీ మారే స్థితిపై ఎరుక.

ఈ రెంటినీ కోనసీమ అగ్రహారాల్లో తరతరాలుగా నిలిచిన వేదాధ్యయన సంప్రదాయంలోనే చూడవచ్చు. ఘనపాఠంలో మూడు పదాలను తీసుకుని 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అనే వరుసలో పలికి, ఒక పదం ముందుకు జరిగి మళ్లీ అదే క్రమాన్ని పాటిస్తారు. ఏ క్షణంలో ఏ పదం దగ్గర ఉన్నారో, ముందుకు పోతున్నారో వెనక్కి వస్తున్నారో తప్పకుండా గుర్తుంచుకోవడం మారే స్థితిపై ఎరుకకు చక్కని నిదర్శనం. ఇందుకు త్రికోణమితి అక్కరలేదు. కాని పాఠం పొడవు ఎలా పెరుగుతుందన్న ప్రశ్న వేయగానే గణితం ప్రవేశిస్తుంది. ఒక్కో ఆవృత్తిలో పలికే పదాలు 13 కాబట్టి, చివరి జంటను మినహాయిస్తే, 10 పదాల మంత్రభాగానికి 104, 20 పదాలకు 234 పదాలు పలకాలి. మూలానికి చేరే ఒక్కో పదానికీ పాఠంలో 13 పదాలే పెరుగుతాయి. అలా కాక పదాలను సాధ్యమైన అన్ని వరుసల్లోనూ పలకాలనుకుంటే 10 పదాలకే 36,28,800 వరుసలవుతాయి, 20 పదాలకు ఆ సంఖ్య 24 వేల కోట్ల కోట్లు దాటిపోతుంది. మొదటిది మనిషికి సాధ్యం, రెండోది ఏ యంత్రానికీ ఆచరణసాధ్యం కాదు. ఈ తేడాను ముందుగానే పసిగట్టే శక్తినే వివిక్త గణితం ఇస్తుంది.

ఇక్కడే ప్రవేశపరీక్షపై గట్టి విమర్శ పుడుతుంది. చిరకాలం అమలులో ఉండిన ఇంటర్ పాఠ్యప్రణాళికలో ప్రమేయాలు, గణితానుగమనం, మాత్రికలు 1ఎలోను, ప్రస్తారాలు-సంయోగాలు, సంభావ్యత 2ఎలోను ఉండేవి. కంప్యూటర్ శాస్త్రానికి నేరుగా పనికివచ్చే భాగాలు ఇవే. కాని మూడు గంటల్లో 160 బహుళైచ్ఛిక ప్రశ్నలకు జవాబు గుర్తించవలసిన పరీక్షలో నిరూపణ రాయించడం కుదరదు. ఒక్కో ప్రశ్నకు నిమిషానికి కాస్త పైన సమయం దొరికే చోట చిట్కా, జ్ఞాపకం, వేగం గెలుస్తాయి. కాకినాడ జేఎన్‌టీయూ 2023 నాటి నియమావళిలో మొదటి ఏడాది రేఖీయ బీజగణితం, కలనగణితం, అవకలన సమీకరణాలు రాగా, వివిక్త గణితం, గ్రాఫ్ సిద్ధాంతం రెండో ఏడాదికి గాని రావు. తొలి ప్రోగ్రాం రాసేనాటికి దానికి అత్యంత సన్నిహితమైన గణితం విద్యార్థికి ఇంకా పరిచయమే కాలేదన్నమాట.

మూడు వాదాల తులనాత్మక సారాంశం

గణితవాదం ప్రోగ్రాంను నిరూపించదగిన వస్తువుగా చూస్తుంది. దాని బలం కచ్చితత్వం; పెద్ద వ్యవస్థల్లో నిరూపణకయ్యే శ్రమను, మారే అవసరాలను పట్టించుకోకపోవడం దాని బలహీనత.

నిర్మాణవాదం ప్రోగ్రాంను లోకవ్యవహారానికి కట్టిన పనిముట్టుగా చూస్తుంది. దాని బలం ఆచరణ. పనిముట్టు ఎందుకు విఫలమైందో వివరించవలసివచ్చినప్పుడు, కొత్త పద్ధతి కనిపెట్టవలసివచ్చినప్పుడు అది తడబడుతుంది.

మూడోదైన ఎంపికవాదం పనికి తగిన గణితాన్ని వేరుచేసి చూపుతుంది. దాని బలం సమన్వయం. ఏ విద్యార్థి రేపు ఏ పని చేస్తాడో ముందుగా తెలియదు కాబట్టి దేన్ని వదిలిపెట్టాలన్న ప్రశ్నకు అది తృప్తికరమైన జవాబు ఇవ్వలేదు.

గోదావరి వరద: మూడు వాదాలకూ ఒక పరీక్ష

ధవళేశ్వరం బ్యారేజీ వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ అవుతాయి. 2022 జులైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి కోనసీమ లంకగ్రామాలు మునిగాయి. ప్రవాహం అంకెను చూసి తగిన హెచ్చరికను సెల్‌ఫోన్లకు పంపే ప్రోగ్రాం రాయడానికి మూడు పోలికలు చాలు. ఇంటర్ గణితం లేని విద్యార్థి కూడా దాన్ని రాయగలడు. అది ప్రాణాలు కాపాడే పని కాబట్టి దాన్ని చిన్నచూపు చూడరాదు.

భద్రాచలం వద్ద ఈ పూట ఉన్న ప్రవాహాన్ని బట్టి రేపు ధవళేశ్వరానికి ఎంత వస్తుందో అంచనా కట్టడం వేరే పని. ఇందుకు జలశాస్త్రంలో 1930ల నుంచి వాడుకలో ఉన్న పద్ధతుల్లో మస్కింగమ్ పద్ధతి ఒకటి. ఎగువన ఇప్పటి ప్రవాహం, ఎగువన క్రితంసారి ప్రవాహం, దిగువన క్రితంసారి ప్రవాహం అనే మూడింటినీ మూడు గుణకాలతో హెచ్చించి కూడితే దిగువ ప్రవాహం అంచనా వస్తుంది. ప్రోగ్రాం అంతా మూడు గుణకారాలు, రెండు కూడికలు. కాని ఆ మూడు గుణకాల మొత్తం 1 కావాలి, లేకపోతే లెక్కలో నీరు పుట్టుకురావడమో మాయమవడమో జరుగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, నది లక్షణాలతో పోల్చినప్పుడు లెక్కకు ఎంచుకున్న కాలవ్యవధి మరీ చిన్నదైతే మొదటి గుణకం రుణాత్మకమవుతుంది. అప్పుడు ఎగువన వరద పెరుగుతుంటే దిగువన తగ్గుతున్నట్టు ప్రోగ్రాం చూపిస్తుంది. సంకేతాల్లో ఎక్కడా తప్పుండదు, యంత్రం ఏ దోషసూచననూ ఇవ్వదు, లంకల్లోని జనానికి మాత్రం తప్పుడు ధైర్యం అందుతుంది. ఆ గుణకాలు ఏ అవకలన సమీకరణంనుంచి వచ్చాయో తెలిసినవాడే ఈ ప్రమాదాన్ని ముందుగా గుర్తించగలడు. ఆ నదిని ఎరిగినవాడే వచ్చిన అంకెను శంకించగలడు.

ఒకే నది, ఒకే హెచ్చరిక వ్యవస్థ, అయినా అందులోని ఒక పనికి గణితం అక్కరలేదు, పక్కనున్న పనికి అది లేకపోతే ప్రమాదం. గణితం కావాలా వద్దా అన్న ప్రశ్నకు పనితో నిమిత్తం లేని సమాధానం ఉండదని దీన్నిబట్టి స్పష్టమవుతుంది.

ఇంకా తేలని ప్రశ్నలు

మొదటిది కార్యకారణ సంబంధం. గణితం చదవడం వల్ల ప్రోగ్రామింగ్ శక్తి పెరుగుతుందా, లేక రెండూ ఒకే తార్కిక సామర్థ్యానికి రెండు ఫలితాలా అన్నది నిర్ధారణ కాలేదు. ఇంజనీరింగ్ కళాశాలల అనుభవంనుంచి దీన్ని తేల్చడమూ కష్టమే. గణితం మార్కులతో వడపోసి చేర్చుకున్న విద్యార్థులనే పరిశీలిస్తే, వడపోతలో బయటే ఉండిపోయినవారు ఎలా రాణించేవారో తెలిసే అవకాశం లేదు.

రెండోది కృత్రిమ మేధ రాసే ప్రోగ్రాంల సంగతి. సంకేతాలు రాసే పనిని యంత్రం చేపడుతున్నప్పుడు మనిషికి గణితం అవసరం తగ్గుతుందని కొందరంటారు. రాసినది సరైనదో కాదో తేల్చే బాధ్యత మనిషిపైనే మిగిలింది కాబట్టి డైక్‌స్ట్రా కోరిన తర్కశిక్షణ ఇప్పుడే ఎక్కువ అవసరమని మరికొందరి వాదన. రెండో వాదనే ఎక్కువ సమంజసంగా కనిపిస్తున్నా, అనుభవం ఇంకా చాలినంత పోగుపడలేదు.

మూడోది బోధనాభాష. ప్రోగ్రామింగ్ అభ్యాసంలో భాషాసామర్థ్యం పాత్ర నిజమే అయితే, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి వెనకబడటానికి లెక్కల లోటు ఎంత కారణమో, ఇంగ్లీషు వాచకం అర్థంకాకపోవడం ఎంత కారణమో వేరుచేసి చూడవలసి ఉంది. ఈ రెంటినీ కలిపి ‘లెక్కలు రావు’ అని తీర్పు చెప్పడం ఆ విద్యార్థికి అన్యాయం.

పర్యవసానం

ఈ సుదీర్ఘ వివాదంలో ఇప్పటికి తేలినవి మూడు. ప్రోగ్రామింగ్ మొదలుపెట్టడానికి ఉన్నత గణితం ముందస్తు అర్హత కాదు. ఆ విద్యలో కొంతదూరం పోయాక, అల్గారిదంలు, భద్రత, యంత్రాభ్యాసం, శాస్త్రీయ గణన వంటి ఏ లోతైన శాఖలో అడుగుపెట్టినా, గణితం తప్పదు. ప్రవేశపరీక్ష కొలిచే గణితం, ప్రోగ్రామింగ్ కోరే గణితం ఒకటి కావు. ఎంసీఏ ప్రవేశంలో ఇంటర్లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలన్న నియమాన్ని పూర్తిగా వదలకుండా, లేనివారికి బ్రిడ్జి కోర్సు కల్పించే ఏర్పాటు ఈ మూడింటికీ దగ్గరగా ఉన్న పరిష్కారం. కాని ఆ కోర్సు మొక్కుబడిగా ముగిస్తే ప్రయోజనం సున్న.

కాబట్టి గణితాన్ని వాకిట్లో వడపోత సాధనంగా కన్నా, కోర్సు పొడవునా సాగే బోధనగా చూడటం మేలు. కోనసీమ కళాశాలల అధ్యాపకులు ఇందుకు కొత్త నియమావళి కోసం ఎదురుచూడనక్కరలేదు: లూప్ చెప్పే రోజునే గణితానుగమనాన్ని, జాబితా వెతుకులాట చెప్పే రోజునే పెరుగుదల లెక్కను, మాత్రికలు చెప్పే రోజునే వాటితో నడిచే చిన్న ప్రోగ్రాంను, అవసరమైనప్పుడు తెలుగులోనే, కలిపి చెప్పవచ్చు. సి.ఇ.సి. చదివి ప్రోగ్రామింగ్‌లో అడుగుపెట్టిన విద్యార్థికి ‘నీకిది రాదు’ అని చెప్పడం ఎంత తప్పో, ‘నీకు లెక్కలతో పనిలేదు’ అని చెప్పడం అంతకు రెట్టింపు తప్పు. మొదటి మాట అతడిని ఈ విద్యలోకి రానివ్వదు. రెండోది వచ్చినవాడిని ఎదగనివ్వదు.